అలాస్కా వెళ్లే సర్కారు ఓడలో కేబిన్ కన్నా పైడెక్కే మేలు

అలాస్కా చూడ్డానికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది క్రూజు షిప్పు ఎక్కుతారు. మా వియ్యంకులూ అలాగే వెళ్లొచ్చారు. ఈతకొలను, పాటకచేరీలు, పొద్దున్నించి అర్ధరాత్రి దాకా తిండి, మూడు వేల పైచిలుకు జనం. "మరి కొత్తవాళ్లెవరైనా పరిచయమయ్యారా బావగారూ?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "గుంటూరువాళ్లు కలిశారండి" అన్నారు.

నేను రాస్తున్నది ఆ షిప్పు సంగతి కాదు. అదే నీళ్ల మీద, అవే కొండల మధ్యనించి అలాస్కా రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఓడ ఒకటుంది. అలాస్కా మెరైన్ హైవే అంటారు. సియాటిల్‌కి ఉత్తరాన ఓ 90 మైళ్ల దూరంలో ఉన్న బెల్లింగ్‌హామ్ రేవు నుంచి శుక్రవారం సాయంత్రం బయల్దేరుతుంది. మేం సెప్టెంబరు ఆఖర్లో జూనో దాకా వెళ్లాం. నేనూ, మా ఆవిడా, మా అల్లుడూ.

నేను రాజోలు డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఏ బండి ఎక్కినా నా కళ్లు ముందు వెతికేది వేరు. టైముకి కదిలిందా, సామాను ఎక్కడ సర్దారు, అర్ధరాత్రి దిగాల్సినవాణ్ణి లేపే నాథుడున్నాడా. కొండలూ మంచూ ఆ తర్వాత. అలవాటు పోదు కదండీ.

నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు మీద కార్లూ బైకులూ ఎక్కించడం చూసినవాళ్లకి ఈ ఓడ పద్ధతి కొత్తేమీ కాదు. కాకపోతే మన పంటు కాసేపట్లో గోదావరి దాటించేస్తుంది, ఇది మొదటి రేవు కెచికాన్ చేరడానికే 38 గంటలు తీసుకుంటుంది. కింద డెక్కులో బళ్లు, పైన మనుషులు. ఏ ఊళ్లో దిగే బండి ఏ వరసలో ఉండాలో ముందే లెక్కేసి, రేవులోనే వరసలు కట్టించి మరీ ఎక్కిస్తారు. గంటసేపు అక్కడే నిలబడి చూశాను. అరుపుల్లేవు, వెనక్కి తీయమనడాల్లేవు. మాకు బండి లేదు కాబట్టి నడిచి ఎక్కేశాం.

ఈ సర్వీసు 1963లో మొదలైంది. మొత్తం రూట్లు కలిపితే సుమారు 3,500 మైళ్లు, 30కి పైగా రేవులు. ఇదంతా ఎందుకంటే ఆ తీరంలో చాలా ఊళ్లకి రోడ్డే లేదు. జూనో ఆ రాష్ట్రానికి రాజధాని, దానికి కూడా బయటినించి రోడ్డు లేదు. గాలిలో వెళ్లాలి, లేదా నీళ్ల మీద వెళ్లాలి. అందుకని ఈ ఓడలో మనలాంటి చూడొచ్చినవాళ్లు కొందరే. మిగతావాళ్లు ఇంటికి పోయేవాళ్లు, ఉద్యోగం మారినవాళ్లు, సియాటిల్లో వైద్యం చేయించుకుని వచ్చేవాళ్లు, ట్రక్కు నిండా సామాను కొనుక్కుని తిరిగెళ్లే జాలర్లు. ఇంటికి పోయేవాడి దగ్గర ఊరి కబురుంటుంది. మనం అడగడమే తరువాయి.

మేం ఎక్కిన ఓడ పేరు కొలంబియా. 1974లో కట్టింది, 418 అడుగుల పొడవు, వాళ్ల ఓడలన్నిట్లోకీ పెద్దది. ఈ ఓడలకి అలాస్కాలోని హిమానీనదాల పేర్లే పెట్టాలని అక్కడ చట్టమే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. పైడెక్కు వెనకభాగంలో సొలేరియం అని ఉంటుంది. పైన కప్పు, పక్కల అద్దాలు, వెనకవైపు ఏ అడ్డూ లేదు. కప్పుకి ఎర్రగా మండే హీటర్లు, కింద వాలుకుర్చీలు. కేబిన్ తీసుకోనివాళ్లు ఆ కుర్చీల మీదే నిద్రసంచీలు పరుచుకుని పడుకుంటారు. దానికి అదనంగా కట్టేదేమీ లేదు, సీటు నంబరూ లేదు. ముందొచ్చినవాడిదే కుర్చీ. నేను భుజం మీద తువ్వాలు తీసి హీటరు కింద కుర్చీ మీద పడేశాను. సర్వీసులో ఉన్నన్నాళ్లూ కిటికీలోంచి ఇలా తువ్వాళ్లు విసిరినవాళ్లతో గొడవపడ్డవాణ్ణి నేను. పక్క కుర్చీలో ఉన్న ముసలాయన అది చూసి, తన టోపీ తీసి తన కుర్చీ మీద పెట్టి నవ్వాడు. మా పరిచయానికి మాటలు అక్కర్లేకపోయింది.

సొలేరియం వెనక ఖాళీ డెక్కు మీద గుడారాలు వేసుకోనిస్తారు. మా అల్లుడు కొత్త గుడారం తెచ్చాడు, మేకులతో సహా. ఇనప డెక్కులో మేకులు ఎక్కడ దిగుతాయి? అక్కడ అందరూ గుడారాన్ని డెక్కుకి టేపుతో అంటిస్తారు. మందంగా, బూడిదరంగులో ఉంటుంది, డక్ట్ టేపు అంటారు. మావాడు చుట్టూ చూసేలోపే గడ్డం పెంచిన ఒకాయన తన టేపు చుట్ట తెచ్చి చేతిలో పెట్టాడు. ఇంకో అమ్మాయి కర్ర పట్టుకుంది, ఇద్దరు కుర్రాళ్లు మూలలు లాగారు. పావుగంటలో గుడారం నిలబడింది, మాకు నలుగురు తెలిసినవాళ్లు అయ్యారు. మీరు వెళ్తే టేపు తీసుకెళ్లండి. ఒకటి మీకు, ఒకటి ఇవ్వడానికి.

కేబిన్ మాటా చెప్పాలి కదా. మా ఆవిడ తలుపు లేని చోట పడుకోనంది, రెండు బెర్తుల కేబిన్ ఒకటి తీసుకున్నాం. ఒకదాని మీద ఒకటి బెర్తులు, లోపలే స్నానాలగది, కిటికీ, ఉతికిన దుప్పట్లు. ఇరుకే గానీ శుభ్రంగా ఉంది. పడుకోవడానికి దివ్యంగా ఉంటుంది. పగలు అందులో కూర్చుంటే మాత్రం లాడ్జిలో కూర్చున్నట్టే. మా ఆవిడ కూడా మొదటి పూట దాటాక నిద్రకి తప్ప అటు వెళ్లలేదు. కీళ్లనొప్పులున్నవాళ్లు, రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సినవాళ్లు కేబిన్ తీసుకోవడమే మంచిది, అందులో వాదన లేదు.

టోపీ పెట్టిన ముసలాయన పెద్ద ఓడల్ని లాగే టగ్గు పడవల మీద పనిచేసి రిటైరయ్యాడట. పటం ఒకటి మోకాళ్ల మీద పరుచుకుని కూర్చునేవాడు. తెల్లారకుండా సీమోర్ నేరోస్ అనే ఇరుకుదారి వస్తుంది, చూస్తావా, లేపనా అని అడిగాడు. లేపమన్నాను. అన్నట్టే నాలుగింటికో ఎప్పుడో భుజం తట్టాడు. జీవితమంతా రావులపాలెం, రావులపాలెం అని జనాన్ని లేపినవాణ్ణి, నన్నొకరు అలా లేపడం భలేగా అనిపించింది. బయట చీకటి, రెండు పక్కలా కొండల నీడ తప్ప ఏమీ లేదు. ఆయన చెప్తుంటే తెలిసింది. ఆ ఇరుకులో నీళ్లకి కాస్త కిందుగా రిపుల్ రాక్ అని జంట శిఖరాల బండ ఉండేది, వందకు పైగా ఓడల్నీ పడవల్నీ మింగింది. పైనించి పేల్చబోతే కుదరక, ఒడ్డునించి సముద్రం అడుగున సొరంగం తవ్వి, బండ కడుపులోకి ఎక్కి, వెయ్యి టన్నులకు పైగా పేలుడు మందు కూరి 1958 ఏప్రిల్ 5న పేల్చేశారు. ఆయన ఆ కథ చెప్తుంటే నిద్రసంచీల్లోంచి ఇంకో ముగ్గురు తలలు బయటపెట్టి విన్నారు.

తెల్లారాక ఫోన్లన్నీ చచ్చిపోయాయి. కెనడా నీళ్లలో చాలాసేపు సిగ్నలు ఉండదు. ఎదురుగా ఉన్నవాడితో మాట్లాడక ఏం చేస్తారు? ఒక బల్ల మీద ఎవరో వెయ్యి ముక్కల బొమ్మ మొదలుపెట్టి వదిలేశారు, దారిన పోయే ప్రతివాడూ రెండు ముక్కలు పెట్టి పోయేవాడు. మా అల్లుడు ల్యాప్‌టాప్ తెచ్చాడు, పాపం. బయటికే తీయలేదు.

టేపు ఇచ్చిన గడ్డపాయన మా దారిలోనే వచ్చే పీటర్స్‌బర్గ్ అనే ఊళ్లో జాలరి. అక్టోబరు 1 నుంచి పీతల వేట తెరుస్తారని, ట్రక్కు నిండా సామాను తీసుకెళ్తున్నాడు. "నెలకి ఎంత వస్తుంది?" అని అడిగేశాను. మా అల్లుడు బల్ల కింద కాలు తొక్కాడు, అమెరికాలో అలా అడగకూడదట. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. జీతం ఉండదు, పట్టినదాంట్లో వాటా అన్నాడు. ముందు డీజిలు, ఎర, తిండి ఖర్చులు తీసేసి, పడవకింత, పనివాడికింత అని పంచుతారట. మా అంతర్వేది బోట్ల మీదా వాటాలే అని చెప్పాను. అంతే, ఇక ఇద్దరం మధ్యాహ్నం దాకా డీజిలు ధర దగ్గర మొదలుపెట్టి చేపల దగ్గర తేలాం.

చేపలంటే పులస రాకుండా ఉంటుందా? వాళ్లకి సాల్మన్ ఎలాగో మాకు పులస అలాగ, సముద్రంలో పెరిగి వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చి గుడ్లు పెడుతుంది, ఒక్క చేపకి వేలకి వేలు పోస్తారు అని చెప్పాను. గుడ్లు పెట్టాక చచ్చిపోతుందా అని అడిగాడు. లేదు, మళ్లీ సముద్రానికి పోతుంది అన్నాను. పసిఫిక్ సాల్మన్ ఐదు రకాలూ గుడ్లు పెట్టాక చచ్చిపోతాయట, వాగుల ఒడ్లన్నీ చచ్చిన చేపలేనట, ఎలుగుబంట్లకి పండగట. తిరిగివెళ్లే చేప అనేసరికి ఆయనకి నమ్మకం కుదరలేదు. మా అల్లుణ్ణి సాక్ష్యం అడిగాడు. హైదరాబాదులో పెరిగిన పిల్లవాడు, నీళ్లు నమిలాడు.

క్రిబేజ్ అని ఒక పేకాట ఉందండి. ఆ తీరంలో జాలర్లందరూ ఆడతారు. చెక్కకి బెజ్జాలుంటాయి, పుల్లలు జరుపుతూ లెక్క వేసుకుంటారు. ముక్కలు కలిపి 15 అయితే రెండు పాయింట్లు, 121 చేరినవాడు గెలిచినట్టు. కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్తున్న ఒక పెద్దావిడ నాకు నేర్పింది, ఆవిడదీ పీటర్స్‌బర్గే. రిటైరైన టీచరు. ఒక కంటికి కట్టుతోనే ముక్కలు పంచేది. చిల్లర లెక్కల్లో ఆరితేరినవాణ్ణి కాబట్టి 15లు నాకు చకచకా తగిలాయి, ఆవిడ నన్ను బ్యాంకు మనిషి అనుకుంది. బస్సు కండక్టరునంటే ఇంకా సంతోషించింది. నేను పదమూడు ముక్కల రమ్మీ నేర్పాను. డబ్బు పెట్టనిచ్చింది కాదు, పాత టీచరు కదా. మేం దిగేలోగా ఆ బల్ల దగ్గర రమ్మీ ఆడేవాళ్లు ఏడుగురు తయారయ్యారు.

దారంతా దీవుల చాటునే సాగుతుంది, కాబట్టి ఓడ పెద్దగా ఊగదు. ఒక్క క్వీన్ షార్లెట్ సౌండ్ దగ్గర కొన్ని గంటలు, ఆ తర్వాత డిక్సన్ ఎంట్రెన్స్ దగ్గర కాసేపు మహాసముద్రం మొహాన తగులుతుంది. మా ఆవిడకి వికారం పెట్టింది. పక్కన కూర్చున్న ఫిలిప్పీన్స్ ఆవిడ సంచీలోంచి అల్లంబిళ్లలు తీసి ఇచ్చి, ఓడ మధ్యభాగంలో కిందగా కూర్చోబెట్టి, దూరంగా కొండవైపు చూడమంది. జూనోలో ఆసుపత్రిలో పని చేస్తుందట. జూనోలోనూ కెచికాన్‌లోనూ ఫిలిప్పీన్స్ వాళ్లు తరాలుగా ఉన్నారు, చేపల కంపెనీల పనికని వచ్చి స్థిరపడ్డారు. కడుపు కుదుటపడ్డాక ఇద్దరూ ఎండుచేపల మీద పడ్డారు. వాళ్లూ పొద్దున్నే వేయించుకుని అన్నంలో తింటారట. మా ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు ఎంతో నాకు తెలుసు. అయినా ఎండురొయ్యలు దంచి పొడి ఎలా కొట్టాలో పూర్తిగా చెప్పేసింది, చేతులతో.

తిండి సంగతి. పైన కెఫెటేరియా ఉంది. చేప బర్గరు, గుల్లల సూపు, గుడ్లు, బంగాళాదుంప వేపుడు. వేడిగా పెడతారు, ధరలు అమెరికా ధరలే. హాలిబట్ చేప చాలా బాగుంది. మాంసం, చేప ముట్టనివాళ్లకి రొట్టె, కూరగాయల ముక్కలు, చిప్సు తప్ప పెద్దగా ఏమీ దొరకదు, ఇంటినించి తెచ్చుకోవాలి. తెచ్చుకోనిస్తారు. వేడి చేసుకోవడానికి మైక్రోవేవ్ ఉంది. పొయ్యి వెలిగించడం మాత్రం నిషేధం. మేం చపాతీలు, ఆవకాయ, జంతికలు పట్టుకెళ్లాం. జాలరాయన హాలిబట్ మీద ఆవకాయ ముద్ద వేసుకుని, కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ వేసుకున్నాడు. మందు విషయం అడుగుతారు కాబట్టి చెప్తున్నాను: బార్లు ఎప్పుడో ఎత్తేశారు, మన వెంట తెచ్చుకున్నది నలుగురూ కూర్చునేచోట తాగకూడదు.

కుక్కలున్నవాళ్లకి వేరే తంతు. వాటిని కింద బళ్ల డెక్కులోనే ఉంచాలి. ఓడ నడుస్తుండగా కొన్ని గంటలకోసారి మైకులో పిలుస్తారు, పావుగంట టైమిస్తారు. పిలుపు రాగానే మెట్ల దగ్గర క్యూ. ఆ క్యూలో కుక్కల పేర్లన్నీ అందరికీ తెలిసిపోయాయి, యజమానుల పేర్లు తెలిసినా తెలియకపోయినా.

ఆదివారం పొద్దున కెచికాన్. వాన. అక్కడ ఏడాదికి 140 అంగుళాలకు పైనే కురుస్తుందట, మన గోదావరి జిల్లాలకి మూడింతలు. గొడుగు వేసుకున్నవాడు ఒక్కడూ కనపడలేదు, మేం తప్ప. రేవు నుంచి ఊరి నడిబొడ్డు రెండు మైళ్లు ఉంటుంది. మేం దిగి, తడిసి, తిరిగొచ్చాం. అక్కడ పెద్ద క్రూజు షిప్పులు ఆగి ఉన్నాయి, మా ఓడ వాటి పక్కన పిల్లకాయలా ఉంది.

మధ్యాహ్నం రాంగెల్. రెండు వేల జనాభా ఉన్న ఊరు. ఓడ ఆగగానే రేవులో పిల్లలు చిన్న బల్లలు వేసుకుని ఎర్రటి రాళ్లు అమ్ముతున్నారు. గార్నెట్లు అంటారు, దానిమ్మగింజ రంగు. దగ్గర్లో స్టికీన్ నది కలిసేచోట ఆ రాళ్ల గుట్ట ఉంది. ఊరి మాజీ మేయరు ఫ్రెడ్ హాన్‌ఫర్డ్ 1962లో దాన్ని బాయ్‌స్కౌట్ల పేర, ఊరి పిల్లల కోసమని రాసిచ్చేశాడు. సుత్తీ ఉలీ పట్టుకుని పిల్లలే తవ్వి తెచ్చుకుంటారు, ఓడొచ్చినప్పుడు అమ్ముకుంటారు. తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె దగ్గర మా ఆవిడ బేరం మొదలుపెట్టింది. ఆ పిల్ల తగ్గలేదు. తగ్గకపోగా రాతిని ఎలా తవ్విందో, పలకరాతిలోంచి విరక్కుండా ఎలా తీయాలో చెప్పి, చేతిమీద పాత దెబ్బ చూపించింది. చెప్పిన ధరే ఇచ్చి మా ఆవిడ రెండు తీసుకుంది. ఓడ కూత వేసేదాకా వాళ్లిద్దరూ అక్కడే.

రాంగెల్ దాటాక రాంగెల్ నేరోస్. 22 మైళ్ల ఇరుకుదారి, కొన్నిచోట్ల 300 అడుగులే వెడల్పు. పెద్ద క్రూజు షిప్పులు ఇటు రావు, చుట్టు తిరిగి పోతాయి. మాది పోటు చూసుకుని దూరింది. అప్పటికి చీకటి పడింది. దారి చూపే దీపాలు 60కి పైగా ఉన్నాయి, ఎరుపు ఒకపక్క, ఆకుపచ్చ ఒకపక్క. ఓడ మలుపు తిరిగినప్పుడల్లా ఒడ్డున ఇళ్లలో మనుషులు బల్ల దగ్గర కూర్చోవడం కనిపించేంత దగ్గర. ఓడలో ఉన్నవాళ్లందరూ ముందువైపు చేరారు, సొలేరియం ఖాళీ. టీచరమ్మ ఒంటికంటితో చూస్తూ, ఎవరి ఇల్లు ఏదో, వాళ్లలో తన దగ్గర చదివినవాళ్లెవరో చెప్పుకొచ్చింది. పీటర్స్‌బర్గ్‌లో ఆవిడా, జాలరాయనా దిగిపోయారు. టేపు చుట్ట మా దగ్గరే ఉంచేశాడు, జూనోలో గాలి ఎక్కువట.

సిబ్బంది గురించి ఒక మాట. టికెట్లూ ఫిర్యాదులూ చూసే కౌంటరు దగ్గర రాత్రి డ్యూటీలో ఉన్నాయనతో నాకు బాగా కుదిరింది. అర్ధరాత్రయినా రేవు రాబోతుంటే మైకులో చెప్తారు. సొలేరియంలో పడుకున్నవాళ్లకి నిద్ర చెడుతుంది, నిజమే. కానీ దిగాల్సినవాడు దిగకపోతే ఆ బాధ ఏమిటో నాకు తెలుసు, కాబట్టి ఆ మైకుకి నా ఓటు. 2019లో వాళ్లకి బడ్జెట్ కోసేశారు, జూలైలో సమ్మె జరిగింది, ట్రిప్పులు తగ్గాయి. అదే ఏడాది తెలంగాణ ఆర్టీసీవాళ్లు 52 రోజులు సమ్మె చేశారని, మరుసటి ఏడాది జనవరి 1 నుంచి మా ఆంధ్రా ఆర్టీసీ ఉద్యోగుల్ని ప్రభుత్వంలో కలిపారని చెప్పాను. పెన్షను ఎంత అన్నాడు. ఈసారి కాలు తొక్కడానికి అల్లుడు పక్కన లేడు, ఇద్దరం అంకెలు చెప్పుకున్నాం.

వెళ్లేవాళ్లకి కొన్ని పనికొచ్చే సంగతులు. ఛార్జీ విమానం కంటే చవకేమీ కాదు, తేదీని బట్టి మారుతుంది, ముందే చూసుకోండి. ఓడలు పాతవి, తేదీలు జరుగుతుంటాయి, అందుకని తిరుగు టికెట్టుకి ఒకట్రెండు రోజులు ఎడం పెట్టుకోండి. అలాస్కా గడియారం సియాటిల్ కంటే గంట వెనక. ఓడలో డాక్టరు ఉండడు, బీపీ, షుగరు మాత్రలు చేతిసంచీలో పెట్టుకోండి, కింద బండిలో వదిలేస్తే అడిగినప్పుడల్లా వెళ్లనివ్వరు. ఉన్నిటోపీ, నిద్రసంచీ తప్పనిసరి. హీటరు కింద కుర్చీ దొరికినా వెనకనించి గాలి కొడుతుంది.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. బెల్లింగ్‌హామ్ ఓడ కెనడా నీళ్లలోంచి పోతుంది గానీ అక్కడ ఏ రేవులోనూ ఆగదు, కాబట్టి కెనడా వీసా అక్కర్లేదు. అదే ఓడలో చివరిదాకా పోయి హెయిన్స్‌లోనో స్కాగ్వేలోనో దిగి రోడ్డు పట్టుకుంటే మాత్రం కెనడాలోకి వెళ్లాల్సిందే. అందుకే మేం జూనోలో ఆగి విమానంలో వెనక్కి వచ్చాం. జూనోలో ఓడ ఆగేది ఊళ్లో కాదు, ఆక్ బే అనేచోట, ఊరు అక్కడికి 14 మైళ్లు. తెల్లవారుజామున దిగితే ట్యాక్సీ ముందే మాట్లాడుకోవాలి. మాకు ఆ బెడద రాలేదు. ఫిలిప్పీన్స్ ఆవిడ కొడుకు ట్రక్కు తెచ్చాడు, మమ్మల్ని హోటల్ దగ్గర దింపి, సాయంత్రం అన్నానికి రమ్మన్నారు. ఎండుచేపలు వేయించింది. కారం తక్కువైంది గానీ బాగున్నాయి.